గురువారం నేను మాట్లాడలేదు

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావుకి, కువైట్ నుంచి మా అమ్మ "నిన్న నువ్వు చెప్పినట్టే మెంతులు నానబెట్టి మింగినా అమా, కడుపులో మంట తగ్గింది" అన్నప్పుడు, నాకు మొదటిసారి ఒళ్ళు చల్లబడింది. వెంటనే ఫోన్లో టైము చూసుకున్నాను, అందుకే అంత కచ్చితంగా గుర్తుంది. నిన్న, అంటే గురువారం, నేను అమ్మతో మాట్లాడలేదు. అమ్మ "అమా" అని పిలిచింది నన్ను కాదు, మా అవ్వని. అవ్వ చనిపోయి అప్పటికి ఐదు నెలలు.

మొదట్నుంచీ చెప్తాను. కథలాగే చెప్తాను. అట్లా అయితేనే చెప్పగలను.

రాయచోటి దగ్గర ఒక ఊళ్ళో, ఎవరి గొంతైనా అచ్చంగా దించేసి, విన్నవాళ్ళు ఉలిక్కిపడితే మురిసిపోయే అమ్మాయి ఒకతి ఉండేది. ఆ అమ్మాయిని నేనే. పేరు హిమబిందు, ఇంట్లో పాప అంటారు. బస్సు కండక్టర్ గొంతు, హిందీ మేడం గొంతు, పక్కింటి మేకపిల్ల గొంతు, ఏదైనా నాకు వచ్చేసేది. అవ్వ గొంతు అన్నిటికన్నా బాగా వచ్చేది. నేను వాకిట్లో నిలబడి అవ్వలాగా "లీలావతీ, పాలు పొంగుతాండాయి!" అని అరిస్తే, మా అత్త కొంగు తొక్కుకుంటూ వంటింట్లోకి పరిగెత్తేది. అవ్వ మాత్రం నవ్వేది కాదు. "గొంతు అరువు తెచ్చుకునేది కాదే పాపా. ఎవురిది వాళ్ళకుండల్ల" అనేది.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళింది. నాన్న అంతకుముందే పోయాడు. నన్ను పెంచింది అవ్వ, మామ, అత్త. పదిహేనేళ్ళలో అమ్మ మూడుసార్లు వచ్చింది. మిగతా అమ్మంతా ఫోన్లోనే. శుక్రవారం మధ్యాహ్నం అక్కడి మేడం వాళ్ళు భోజనానికి పుట్టింటికి వెళ్తారు. ఆ రెండు గంటలూ అమ్మవి. వీడియో పెట్టుకోకూడదని మేడం షరతు. అవ్వకీ వీడియో ఇష్టం లేదు. "ఆ అద్దంలో బిడ్డ మొగం చూస్తే చెయ్యి పెట్టబుద్దయితాది. చెయ్యి పెడితే అద్దం తగుల్తాది" అనేది. అందుకని మా ఇంట్లో అమ్మంటే ఒక గొంతు. అమ్మకి మేమూ అంతే.

అవ్వ ప్రతి శుక్రవారం ఒకే మాటతో మొదలుపెట్టేది. "తిన్నావా? ఏం తిన్నావు? అబద్ధం చెప్పాకు."

అవ్వకి ఫోన్ చేయడం రాదు. ఎత్తడం ఒక్కటే వచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి.

మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. అక్కడున్నవాళ్ళకి చావు కబురు ఫోన్లో చెప్పకూడదని ఒక అలవాటు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది, లీవు దొరకదు, ఏడవడానికి తలుపు మూసుకునే గది కూడా ఉండదు. అందుకని "ఒంట్లో రోంత బాగలేదు" అనే అంటూ ఉంటారు. మనిషి వచ్చాక కాళ్ళకి నీళ్ళిచ్చి, నాలుగు ముద్దలు తిననిచ్చి, అప్పుడు చెబుతారు. అది దయ అని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

అవ్వ ఒక సోమవారం పొద్దున ఆకువక్క దంచుకుంటూ, రోకలి చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయింది. చిన్న ఇనప రోలు ఆమెది, గుప్పెట్లో పట్టేంత. అది దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలి ఆగింది.

నాలుగు రోజులకే శుక్రవారం వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. ఫోన్ మోగింది. మామ నా వైపు చూశాడు, అత్త మామ వైపు చూసింది.

"యాడ పోయినారు అందరూ? ఇంత సేపా ఎత్తేకి?" అంది అమ్మ. "అమ్మకియ్యి పాపా."

మామ గబగబా చెయ్యి ఊపాడు, నిద్రపోతోందని చెప్పమని. నేను నోరు తెరిచాను. వచ్చింది నా గొంతు కాదు.

"తిన్నావా? ఏం తిన్నావు? అబద్ధం చెప్పాకు."

గదిలో అందరూ బిగుసుకుపోయారు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ మాత్రం నవ్వింది. "ఏం అమా, గొంతు బొంగురు పోయింది? చన్నీళ్ళు పోసుకున్నావా?"

అర్ధగంట మాట్లాడాను. పెట్టేశాక మామ నా తల మీద చెయ్యేసి, "దేవుడే పలికించినాడు పాపా. మీయమ్మ వచ్చేదాకా ఇట్లే నెట్టుకొద్దాం" అన్నాడు. ఇప్పుడు నిజం చెప్పాలి కదా. అవ్వ పోయిన నాలుగోరోజు, చావింట్లో కూర్చుని, నేను గర్వపడ్డాను.

ఆ తర్వాత అది మా ఇంటి పని అయిపోయింది. శుక్రవారం అన్నం తిన్నాక నేను అవ్వ రోల్లో ఆకువక్క దంచుకుని బుగ్గన పెట్టుకునేదాన్ని. అది ఉంటేనే ఆ గొంతులో నీరు ఊరినట్టు ఉంటుంది. ముందు నా గొంతుతో రెండు నిమిషాలు, తర్వాత అవ్వ గొంతుతో గంటన్నర.

మామ నెట్టుకొద్దామన్నాడు కానీ, నేను ఆపకపోవడానికి కారణం అది కాదు. నాతో అమ్మ ఎప్పుడూ ఒకే నాలుగు మాటలు మాట్లాడేది. బాగుండావా, బాగా చదువుతాండావా, అత్తను సతాయించాకు, నేను బాగుండా. అంతే. అవ్వతో అలా కాదు. మొదటిసారి అమ్మ "అరచేతులు తోలు ఊడిపోతాండాది అమా, ఆ తెల్లమందుతో బాత్రూములు కడిగి కడిగి. ఉప్పు పట్టుకుంటే మండుతాంది" అన్నప్పుడు నేను ఏడవకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాను. ఇంకోసారి తన గదికి గొళ్ళెం లేదని చెప్పింది. ఇంకోసారి, మేడం చిన్నకూతురు తననే అమ్మ అంటుందనీ, ఆ పిల్లకి జడ వేసేటప్పుడు నా తల గుర్తొస్తుందనీ చెప్పింది. ప్రతిసారీ చివర్లో ఒకటే మాట. "పాపకు చెప్పాకు అమా. అది తట్టుకోలేదు."

పదిహేనేళ్ళుగా నాకు దొరకని అమ్మ, అవ్వ గొంతు వేసుకుంటే దొరికింది. ఎట్లా ఆపేది?

అట్లా ఐదు నెలలు గడిచాక ఆ మెంతుల మాట వచ్చింది.

నేను ఫోన్లో వెతికాను. గురువారం ఏ కాలూ లేదు. మామనీ అత్తనీ అడిగాను. "నీకు పనేం లేదా? కలగనింటాది" అన్నాడు మామ. నేనూ అదే అనుకున్నాను. పొద్దస్తమానం పనిచేసే మనిషి, రోజులు కలిసిపోయి ఉంటాయి.

తర్వాతి శుక్రవారం అమ్మ గొంతు ఎందుకో తడిగా ఉంది.

"అమా, నిన్న నువ్వు చెప్పిన్నుంచీ అదే తలపులో ఉండా. నా పలక నిజంగానే పారేయలేదా నువ్వు?"

నా బుగ్గలో ఆకు ఆగిపోయింది. "ఏ పలక?" అన్నాను, అవ్వలాగా.

"అదేందమా, అప్పుడే మర్సిపోయినావా! మూడో తరగతిలో నన్ను బడి మాన్పిచ్చినప్పుడు నేను ఏడుస్తాంటే, పలక పారేసినా, ఇంగ ఏడ్సాకు అన్నావు గదా. పారేయలా, దూలం సందులో దాసిపెట్టినా అని నిన్న నువ్వే గదా చెప్పింది? వంటింటి దూలం, పొయ్యి పక్కది. నేను ఇస్త్రీ చేస్తాంటే ఫోన్ చేసినావు. చొక్కా కాల్చుకున్నా నీ మాటలు ఇనుకుంటా."

ఆ పలక సంగతి నాకు తెలీదు. మామకీ తెలీదు. ఫోన్ పెట్టేశాక స్టూలు వేసుకుని ఎక్కాను. దూలానికీ గోడకీ మధ్య సందులో చెయ్యి పెట్టాను. మసి, బూజు, ఆ వెనక గుడ్డ మూట. మూటలో చెక్క చట్రం విరిగిన పలక. చట్రం మీద మేకుతో గీకి, నాగవేణి అని మా అమ్మ పేరు.

పట్టపగలు. బయట ఎవరో ట్రాక్టర్ స్టార్ట్ చేస్తున్నారు. నేను స్టూలు మీద నుంచి దిగలేకపోయాను, అత్త వచ్చి దింపింది.

"అత్తా, ఎవరు చెప్పినారు అమ్మకి?"

అత్త పలక కేసి చూసింది. నా కేసి చూడలేదు. "గమ్ముగుండు పాపా. ఇంట్లో అట్లాంటివి మాట్లాడాకు" అని, ఆ సాయంత్రం అవ్వ మంచం ఉండే మూల దీపం పెట్టింది.

ఆ తర్వాతి గురువారం మధ్యాహ్నం నేను కావాలనే ఇంట్లో కూర్చున్నాను. ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టాను. అత్త పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. రెండుంబావు అయింది. అవ్వ మూలలో, ఇనప రోల్లో రోకలి ఆడిన చప్పుడు. టక్. టక్. టక్. అత్త చెయ్యి ఆగింది. మేమిద్దరం లేవలేదు. పది నిమిషాలకి చప్పుడు ఆగింది. వెళ్ళి చూస్తే రోలు పొడిగానే ఉంది. నేను మాత్రం కుళాయి దగ్గర ఉమ్మితే ఎర్రగా వచ్చింది. ఆ రోజు నేను ఆకు ముట్టుకోలేదు.

మర్నాడు అమ్మ ఉత్సాహంగా ఉంది. "లీవు ఇచ్చినారు అమా! వచ్చే గురువారం విమానం. నువ్వు రమ్మంటివి గదా నిన్న, అడుగు, ఈసారి కాదనరు అంటివి గదా. అడిగినా. ఒప్పుకున్నారు!"

ఇక చాలనుకున్నాను. నోట్లోని ఆకు ఉమ్మేశాను, నీళ్ళతో పుక్కిలించాను, నా గొంతుతో చెప్పాను.

"అమ్మా, నేను హిమని. అవ్వ లేదమ్మా. ఆరు నెలలు కావస్తాంది. ఇన్నాళ్ళూ మాట్లాడింది నేనే."

అమ్మ పకపకా నవ్వింది.

"ఊరుకో అమా! ఈ వయసులో నీకు పాప విద్య ఎక్కడ అబ్బింది? అచ్చం పాప మాదిరే అన్నావే!"

"అమ్మా, నేను పాపనే!"

"చాల్లే. నలభై ఏండ్లుగా ఇంటాండా, నీ గొంతు నాకు తెలీదా? పాపను పిలువు. లీవు మాట దానికి నేనే చెప్తా."

నేను "అత్తా!" అని అరిచాను, భయంతో, నా సొంత గొంతుతో. వంటింట్లోంచి అత్త "ఆఁ, వస్తాండా అత్తా" అంది. మా అత్త అవ్వని పిలిచే తీరు అది. చేతిలో పళ్ళెం కింద పడింది. గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

మామ ఫోన్ లాక్కున్నాడు. "నాగా, పాప చెప్పింది నిజమేమ్మా. అమ్మ లేదు."

"అన్నా, నువ్వు కూడా మొదలుపెట్టినావా?" అంది అమ్మ. "అమ్మ ఇప్పుడే నాతో మాట్లాడె. నీ ఎనకాలే ఉండాది, దగ్గుతాండాది, ఇనపడతాంది నాకు. నేను అంత దూరం నుంచి వస్తాంటే మీకు ఎగతాళిగా ఉండాదా?"

మా వెనక ఎవరూ లేరు. మామ ఫోన్ నాకిచ్చేసి అరుగు మీద కూర్చున్నాడు. ఫోటో పంపుదామన్నాను. పెద్దకర్మ రోజు దండ వేసిన పటం ఉంది. "పంపాకు. ఆ ఇంట్లో ఒక్కతే ఉంటాది. ఏ మెట్ల మీదన్నా ఉండి చూసి పడిపోతే పట్టుకునేవాళ్ళెవరు?" అన్నాడు మామ. ఆ మాట కూడా తప్పనిపించలేదు. మా ఇంట్లో ప్రతి అబద్ధమూ ఇలాగే, తప్పు కాదనిపించే కారణంతోనే వచ్చింది.

నిన్న సాయంత్రం అమ్మ విమానాశ్రయం నుంచి అత్త ఫోన్‌కి చేసింది. అవ్వకి గోధుమరంగు శాలువా కొన్నదట. నేను ఊఁ అని కూడా అనలేదు, ఊపిరి మాత్రం తీస్తున్నాను. అమ్మకి అదే చాలినట్టుంది.

"అమా, ఒకటి అడుగుతా. మధ్యాన్నం నాచేత ఒట్టేయించుకుంటివే, ఇంటికి వచ్చినాక పాపను ఒక్క మాట అననని. ఏంటికి అంటానమా దాన్ని? ఏం చేసింది అది?"

నేను ఫోన్ పెట్టేశాను. ఆ ఫోటో పంపుతానేమోనని మామ నా ఫోన్ పొద్దున్నే తీసుకున్నాడు, మధ్యాహ్నం అంతా అది ఆయన జేబులోనే ఉంది. మామ అప్పటికే మద్రాసు దారిలో, అమ్మని తీసుకురావడానికి.

ఇప్పుడు తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. ఇంటికి వచ్చే దారి పొడుగునా అమ్మ మామ ఫోన్ నుంచి చేస్తూనే ఉంటుంది, ఊరుకోదు కదా. నా ఫోన్ ఆయన దగ్గర ఉంది కాబట్టి ఇంట్లో ఉన్నది అత్తది ఒక్కటే. ఇందాక అది మోగింది. జీపులోంచి అమ్మ. అత్తా నేనూ దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాం. ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. పది నిమిషాలకి మామ మెసేజ్ పెట్టాడు.

"పీలేరు దాటినాం. చెప్పేకి నాకు నోరు రాలా. బాగా మాట్లాడినావు పాపా, మీయమ్మ అప్పట్నుంచీ నవ్వుతానే ఉండాది."

అత్త ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది. తర్వాత లేచి నీళ్ళు కాచి, చెంబు గడప పక్కన పెట్టింది. రాగిసంగటి పొయ్యి మీదికి ఎక్కించింది. నా దగ్గరికి వచ్చి కూర్చుని చాలా మెల్లగా అడిగింది.

"పాపా, ఇదొక్కసారి. నాగ గడపలో నిలబడి అమా అంటాది. లోపల మూల నుంచి అవ్వ మాదిరి 'తిను పోమ్మా, వస్తాండా' అను. నాలుగు ముద్దలు తింటాది. రాత్రంతా కడుపు మాడ్చుకుని వస్తాంది. తిన్నాక నేనే చెప్తా, నీకు ఏ పాపం లేదు."

"అత్తా, నేను అనకపోయినా అక్కడ్నుంచి ఎవరన్నా 'వస్తాండా' అంటే?"

అత్త సంగటి కలపడానికి వెళ్ళింది. నా ముందు చాప మీద అవ్వ రోలు ఉంది. దాన్ని నేను తీసుకురాలేదు. పక్కన పలక ఉంది. అది మాత్రం నేనే తెచ్చాను, అమ్మకి ఇద్దామని.

ఇందాకట్నుంచీ నా గొంతు పరీక్ష చేసుకుంటున్నాను. మెల్లగా "హిమబిందు" అంటున్నాను. నాకు నా గొంతులాగే ఉంది. కానీ అత్త ప్రతిసారీ వంటింట్లోంచి తల ఎత్తి చూస్తోంది.

నీతి నాకు అర్థమైంది. అమ్మ తన పుండ్లు నాకు చెప్పలేదు, మేము అవ్వ చావు అమ్మకి చెప్పలేదు, ఇద్దరమూ అది ప్రేమే అనుకున్నాం. దూరాన ఉన్నవాళ్ళకి దుఃఖంలోనూ వాటా ఇవ్వాలి. ఆ వాటా దాచుకున్న ఇంట్లో, చివరికి నిజం చెప్పే గొంతు మిగలదు.

నీతి తెలిసినా గడప దగ్గరికి నడవడం చేతకావట్లేదు. మలుపులో జీపు వెలుగు కనిపిస్తోంది. నీళ్ళ చెంబు నేనే తీసుకుని ఎదురెళ్ళి, అమ్మ అవ్వని పిలవకముందే ఆ చేతులు పట్టుకుని చెప్పనా? చెబితే నమ్ముతుందా? లేక అత్త అడిగినట్టు నాలుగు ముద్దలు తిననివ్వనా? మీరైతే ఏం చేస్తారు? నేను ఏం చెయ్యను, చెప్పండి.